మూలుగుచున్న మెమరీ



విశాఖపట్నమున 5 సంవత్సరములలో 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రము నెలకొల్పుదుమని గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది. మా బరంపురము తెలుగువారిలో పెక్కుమందికి విశాఖ బంధువుల ఊరు. కావున ఈ మనవి.

ఇట్టి కేంద్రములలో ఏ సర్వరు మెమరీ ఆ సర్వరునకే. ప్రాసెసర్లన్నియు అద్దెకు పోయిన పిదప మిగిలిన మెమరీ ఎవరికిని అక్కరకు రాదు. మైక్రోసాఫ్టు పరిశోధకులు తమ కేంద్రములలో 25 శాతము వరకు మెమరీ ఇట్లు చిక్కుబడుచున్నదని 2023లో వెల్లడించిరి. నేను గుమాస్తాగా ఉన్న ఆఫీసులో ఒక సెక్షను బీరువాలో కాగితపు దస్తాలు మూలుగుచుండగా, పక్క సెక్షను కొత్త ఇండెంటు పంపెడిది. ఉమ్మడి స్టోరు పెట్టిన పిదప దుబారా తగ్గినది.

2019లో వెలువడిన సి.ఎక్స్.ఎల్. అను అనుసంధాన పద్ధతితో సర్వర్లకును అట్టి ఉమ్మడి స్టోరు వీలగును. దానివలన మెమరీ ఖర్చు 7 శాతము తగ్గునని ఆ పరిశోధకుల లెక్క. అయితే ఉమ్మడి మెమరీ కొంత నెమ్మది. అది చెడినచో పలు సర్వర్లకు ఇబ్బంది.

నేల, నీరు, విద్యుత్తు ప్రజలవి. రాయితీలిచ్చు ప్రభుత్వము, బిగించిన పరికరములలో ఎంత భాగము పనిలో ఉన్నదో ఏటేట ప్రకటింపవలెనని షరతు విధించుట న్యాయము.

— విశ్రాంత గుమాస్తా, బరంపురము (ఒడిశా)