ఎర్ర లైట్ల ముందు మన కార్లు: తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాలు తానా, ఆటా, నాట్స్ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,

ఆగస్టులో ఇక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఫాల్ సెమిస్టరుకి హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి మన పిల్లలు దిగుతారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బడులు తెరుస్తారు, పసుపు బస్సులు వీధుల్లోకి వస్తాయి. దిగినవాళ్లలో కొందరు త్వరలోనే ఓ పాత క్యామ్రీయో కరోలానో కొని రోడ్డెక్కుతారు. కొన్నాళ్లు ఇండియా లైసెన్సుతోనే నడపనిచ్చే రాష్ట్రాలున్నాయి కాబట్టి డ్రైవింగ్ నియమాల పుస్తకం తెరవకుండానే స్టీరింగు పట్టుకోవచ్చు. పరీక్ష రాసినవాళ్ల సంగతంటారా, ప్రాక్టీసు ప్రశ్నలు బట్టీపట్టి పాసవడంలో మనకెవరూ సాటిరారు!

మన ఊళ్లలో బస్సు ఆగిందంటే హారన్ కొట్టి పక్కనుంచి దాటిపోవడమే అలవాటు. ఇక్కడ ఏ రాష్ట్రంలోనైనా స్కూల్ బస్సు మీద ఎర్ర లైట్లు వెలిగి ఆరుతూ, పక్కనున్న స్టాప్ పలక బయటికొచ్చిందంటే వెనకున్న కారు ఆగి తీరాలి. ముందుగా వెలిగే పసుపు లైట్లు ఆగడానికి సిద్ధంకమ్మని చెబుతాయి. మనవాళ్ల కాలు మాత్రం అప్పుడే యాక్సిలరేటర్ మీదకు పోతుంది.

ఇంతవరకూ ఎవరో ఒకరు చెబుతారు. చిక్కంతా ఎదురుగా వచ్చే కారుతోనే. అటొకటి ఇటొకటి లేన్లున్న మామూలు వీధిలో ఎదురువాళ్లూ ఆగాల్సిందే. రోడ్డు వెడల్పయ్యాక మాత్రం రాష్ట్రానికో తీరు. న్యూయార్క్‌లో మధ్యన డివైడర్ ఉన్నా ఆగాలి. న్యూజెర్సీలో డివైడర్ ఉంటే అవతలివాళ్లు గంటకు 10 మైళ్లకు తగ్గించుకుని సాగవచ్చు, లేకపోతే కనీసం 25 అడుగుల దూరంలో ఆగాలి. కాలిఫోర్నియాలో అటు రెండు ఇటు రెండు లేన్లుంటే, డివైడర్ లేకపోయినా ఎదురువాళ్లు ఆగనక్కర్లేదు. ఆ ధీమాతోనే టెక్సస్ వస్తే ఇరుక్కుంటారు. ఇక్కడ ఎడమకు తిరగడానికి మధ్యలో గీసిన లేను డివైడర్ కింద లెక్కకు రాదు. జరిమానా మొదటిసారికే 500 నుంచి 1,250 డాలర్లు. ఎవరికైనా తీవ్రగాయమైతే క్రిమినల్ కేసు.

ప్రాజెక్టు మారినప్పుడల్లా రాష్ట్రం మారే జనం మనం. కాలిఫోర్నియాలో అలవాటైన లెక్క టెక్సస్‌లో తప్పుతుంది, ఆ తేడా చెప్పేవాళ్లుండరు.

తప్పంతా మనవాళ్లదే అనడం లేదు. బస్సు డ్రైవర్లు ఒకరోజు లెక్కపెట్టి చెప్పిన దాన్నిబట్టి, 2022-23 బడి సంవత్సరంలో దేశమంతటా ఇలాంటి ఉల్లంఘనలు 4.3 కోట్లు దాటాయని అంచనా వేశారు. కానీ మనవాళ్లకు మన భాషలో చెప్పే బాధ్యత మనదే కదా.

కారు నడపనివాళ్ల సంగతి కూడా ఉంది. ఆరునెలలకని వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు మనవళ్లను బస్సు దగ్గరికి తీసుకెళ్లి తీసుకొస్తుంటారు. వాళ్లకెవరూ ఏమీ చెప్పరు. బస్సు చుట్టూ 10 అడుగుల మేర పిల్లలకు అన్నిటికన్నా ప్రమాదమైన చోటు, అక్కడ వంగినవాడు డ్రైవరుకు కనబడకపోవచ్చు. తాతయ్య రోడ్డుకి అవతల నిలబడి "రారా కన్నా" అని పిలిస్తే, పిల్లాడు డ్రైవరు సైగ కోసం చూడకుండా పరుగెత్తుతాడు. పెద్దవాళ్లు పిల్లాడు దిగే వైపే నిలబడాలి. ఈ ఒక్కమాట చెబితే చాలు.

మీ మహాసభల్లో సినిమావాళ్లకి చోటుంది, పెళ్లి సంబంధాలకి చోటుంది. దీనికీ ఓ పది నిమిషాలు ఇస్తే సంతోషం. కాకపోతే మహాసభలు రెండేళ్లకోసారి, ఆగస్టు ఏటా వస్తుంది. అందుకని జులైలోనే రాష్ట్రానికో పేజీ తెలుగులో తయారుచేయించండి. ఉపన్యాసాలొద్దు. రోడ్డు బొమ్మలు గీసి, ఏ రోడ్డు మీద ఎవరు ఆగాలో చూపిస్తే సరిపోతుంది. వాట్సాప్‌లో పంపగలిగేలా ఉండాలి. చట్టాలు మారుతుంటాయి గనక ఆ రాష్ట్రం డ్రైవింగ్ నియమాల పుస్తకంతో సరిచూసిన తేదీ కింద వేయండి. కొత్త విద్యార్థులకు మీరు పెట్టే సమావేశాల్లో అదే కాగితం పంచవచ్చు.

టెక్సస్ పేజీ నేను రాసిస్తాను. మిగతా రాష్ట్రాలకు మీ ప్రాంతీయ ప్రతినిధులను పురమాయించండి.

ఇట్లు,
డాలస్ శివార్ల నుంచి ఒక తెలుగు తండ్రి