గృహిణి కాదు, గని కార్మికురాలు

మా మేనమామలు అచ్చువేయించిన వంశవృక్షం పుస్తకం జంషెడ్‌పూర్ సిద్ధగోరాలోని మా బంధువుల ఇళ్ళన్నిటికీ అందింది. తాతయ్యకు అందులో రెండు పేజీలు: శ్రీకాకుళం వైపు నుంచి వలస, ఝరియా బొగ్గు గనుల్లో పని, పిల్లలకు టాటా ఉద్యోగాలొచ్చాక జంషెడ్‌పూర్ చేరడం. అమ్మమ్మకు దక్కింది ఒక్క ముక్క: "గృహిణి. గని పనికి ఎన్నడూ వెళ్ళలేదు." మామయ్యలంటే నాకు గౌరవం. అయినా ఈ మాట తప్పు.

"ఆడవాళ్ళను గనిలోకి దిగనివ్వరు కదా!" అన్నది వారి వాదన. అది తరువాతి కాలపు సంగతి. 1920ల్లో ఝరియా గనుల్లో మొగుడు బొగ్గు కొడితే, పెళ్ళాం తట్టకెత్తి టబ్బు (బొగ్గు బండి) నింపేది. కూలి టబ్బుల లెక్కన. అంటే అది ఇద్దరి కష్టం. 1929 నిబంధనలతో ఆడవాళ్ళను భూగర్భం నుంచి క్రమంగా తప్పించడం మొదలుపెట్టి, 1937లో పూర్తిగా నిషేధించారు. యుద్ధంలో బొగ్గుకు కరువు రాగానే 1943లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. 1946లో మళ్ళీ పెట్టారు. అమ్మమ్మ దిగింది ఆ మధ్యకాలంలోనే. మామయ్యలు పుట్టింది ఆ తరువాత, అందుకే చూడలేదు.

ఆ పని గుర్తుల్ని నేను చూశాను. తలకు నూనె రాస్తుంటే ఆమె నడినెత్తిన నా చేతికి జుట్టు తగిలేది కాదు. తట్ట ఒరిసిన చోటది. కుళాయి దగ్గర బిందె ఎత్తుకునే ముందు పాత చీర పీలికను ఒక్క తిప్పులో చుట్టకుదురు చేసేది. "ఎక్కడ నేర్చావే?" అంటే "గనిలో" అనేది.

"నిషేధం ఆమె మేలుకే" అంటారు. ప్రాణగండం తప్పింది, ఒప్పుకుంటాను. కానీ పోయిన కూలికి బదులు ఎవరిచ్చారు? బొగ్గుపొడిలో పేడ, మట్టి కలిపి, ఉండలు చేసి, ఎండబెట్టి అమ్మి ఆమే ఇల్లు నడిపింది. "గృహిణి" అన్న మాట ఆ కష్టాన్నీ మింగేసింది.

1952 గనుల చట్టం కూడా నిషేధాన్ని కొనసాగించింది. భూగర్భంలో ఆడవాళ్ళకు మళ్ళీ అనుమతి వచ్చింది 2019లో. ఇన్నేళ్ళు కనబడలేదు కనుక ఎప్పుడూ లేరనుకోవడం చరిత్ర కాదు.

మామయ్యలూ, రెండో ముద్రణలో ఆ వాక్యం కొట్టేయండి. దాని చోట ఇది రాయండి: "యుద్ధకాలంలో ఝరియా గనిలో దిగి బొగ్గు మోసింది. తాతయ్య తెచ్చిన కూలిలో సగం ఆమెది."