ముందు చక్రముల మాట

పాత కారు ఒకటి వీథిలో నిలిచినచో దాని చుట్టును పదిమంది చేరుట మన యూళ్లలో వాడుక. విజయనగరము కోట ప్రక్కను గాని, శ్రీకాకుళము ఏడురోడ్ల కూడలియందు గాని నేను నా కారును నిలిపినప్పుడెల్ల ఈ ముచ్చట జరుగుచునే యుండును. ఒకరు దాని రంగును మెచ్చుకొందురు. వేరొకరు లీటరునకు ఎంత దూరము నడచునని యడుగుదురు. పిల్లలు ఎంత వేగముగా పోవునని యడుగుదురు. ఇన్నేండ్లలో ఒక్కరైనను, "ఇది ఎట్లు ఆగును?" అని నన్ను అడిగి యెరుగరు.

తాతగారి కారనియు, మామగారి కారనియు, పశువులసాల మూలను పడియున్న బండిని వెలికిదీసి, తళతళలాడు రంగు వేయించి, పెండ్లి యూరేగింపునకు తెచ్చువారు మన జిల్లాలలోను కలరు. ఆ మక్కువ మంచిదే. కాని రంగు కడపటి పని. ముందు చక్రముల బ్రేకులును, ఆ చక్రములను మోయు స్ప్రింగులును, కీళ్లును మొదటి పని. ఈ వరుస తారుమారైనచో ఆ కారు ఇంటి ముంగిట బొమ్మవలె నిలువవచ్చును గాని, బాట మీదికి రాదగదు. ఇది నా యభిప్రాయము. దీనిని నేను పుస్తకములు చదివి యేర్పరచుకొనలేదు, సిగ్గుపడి నేర్చుకొంటిని.

నా కారు స్టాండర్డ్ హెరాల్డు. ఇంగ్లండునందు 1959వ సంవత్సరమున ట్రయంఫ్ హెరాల్డు అను చిన్న కారు వెలువడెను. దాని రూపమును దిద్దినవాడు ఇటలీ దేశీయుడైన జొవాన్ని మికెలోట్టి. 1961 నుండి మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్సు ఆఫ్ ఇండియా సంస్థవారు దానిని స్టాండర్డ్ హెరాల్డు అను పేరుతో మన దేశమున నిర్మించిరి. ఇంజను 948 ఘన సెంటీమీటర్లది. అంబాసిడరు, ఫియట్టు, హెరాల్డు అను మూడు కారులే ఆ దినములలో మన బాటలపై తరచుగా కనబడుచుండెను. ఈ మూడింటిలో హెరాల్డునకు ఒక విశేషము కలదు. ఇంజను మీది మూత, ఇరుప్రక్కల రెక్కలు, దీపములు అన్నియు కలిసి ఒక్క పెట్టున ముందునకు వంగి తెరచుకొనును. అప్పుడు ముందు చక్రము, దాని వెనుకనున్న స్ప్రింగు, కీళ్లు అన్నియు కన్నులకు కట్టినట్లు కనబడును. పనివాడు టైరు మీదనే కూర్చుండి పని చేసికొనవచ్చును. అంత సులభముగా చూడదగిన భాగమునే నేను చూడకపోతిని.

మా మామగారు 1967లో కొనిన ఆ కారు, వారి తదనంతరము చాల యేండ్లు గాదె ప్రక్కను పాకలో పడియుండెను. ఉద్యోగ విరమణానంతరము నేను దానిని తెచ్చుకొని ఒక కార్ఖానాలో ఒప్పగించితిని. వారు ఇంజనును బాగుచేసిరి. లేత నీలపు రంగు వేసిరి. సీట్లకు క్రొత్త తోలు కుట్టిరి. బ్రేకుల సంగతి యడుగగా "బాగున్నవి" అనిరి. వారు చక్రములను విప్పి చూడలేదు. విప్పుడని నేనును అడుగలేదు. పెరటిలో ముందునకు వెనుకకు నడిపి తొక్కి చూచితిని, ఆగినది. అంతటితో తృప్తి పడితిని.

ఒకనాటి యుదయమున రాజాము నుండి చీపురుపల్లి మీదుగా విజయనగరము వచ్చుచుంటిని. బడివేళ. నాకు ముందుగా ఒక బాలిక సైకిలుపై ఎడమ యంచున పోవుచుండెను. ఇంతలో కుడిప్రక్క గట్టుమీది నుండి మేకల మంద యొకటి బాటకు అడ్డముగా దిగినది. నేను బ్రేకును గట్టిగా తొక్కితిని. కారు నేరుగా ఆగలేదు. స్టీరింగు నా చేతులలోనుండి గుంజుకొనిపోయినట్లు ఎడమకు లాగి, ఆ బాలిక వైపు పోయెను. ఆమె వెనుకనుండి వచ్చిన చప్పుడు విని సైకిలుతో సహా ప్రక్కనున్న చేనిలోనికి ఉరికినది. కారు అంచునున్న రాతిని ఒరసికొని నిలిచెను. సైకిలు చక్రము వంగినది. పిల్లకు మోకాలు దోగినది. భగవంతుని దయవలన అంతకు మించి ఏమియు కాలేదు. నేను పరుగున పోయి లేవనెత్తగా, ఏడ్పు ఆపుకొనుచు ఆమె అనిన మాట ఇది: "నేను ఎడంపక్కనే వెళ్తున్నాను గదండీ, తాతగారూ."

ముప్పది యేండ్లు బడిపిల్లలకు ఎడమప్రక్కనే నడువుడని చెప్పితిని. ఆ పిల్ల అట్లే చేసినది. తప్పు నాది. సైకిలును బాగుచేయించి ఇచ్చి వారి తండ్రిగారికి క్షమాపణ చెప్పుకొంటిని. ఆయన నన్ను ఒక్క మాటయు అనలేదు. రెండు మాటలు అనినను నాకు కొంత తేలికయై యుండెడిది.

పిమ్మట కారును సాలూరునకు తీసికొనిపోయితిని. సాలూరు లారీలకు పేరుపొందిన పట్టణము. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది గాని, అంతకు ముందు విజయనగరము జిల్లాలోనిదే. లారీలకు బాడీలు కట్టువారు, కమానుకట్టలు దిద్దువారు, లేతుపనివారు అక్కడ కలరు. ఒడిశా కొండలనుండి సుంకి ఘాటీ మీదుగా దిగివచ్చు రహదారి సాలూరును చేరును. పూర్వము అది 43వ జాతీయ రహదారి, ఇప్పుడు 26వది. బరువుతో ఆ ఘాటీ దిగు బండ్లను ఎరిగినవారు బ్రేకును తేలికగా చూడరు. నేను ఆశ్రయించిన వృద్ధ మేస్త్రి కారు రంగువైపు కన్నెత్తియైనను చూడలేదు. కథ అంతయు విని, "మాస్టారూ, కారు కదలకపోతే ఇంటికాడే ఉంటాది. కదిలినాక ఆగకపోతే ఏటి సేస్తారు?" అనెను.

ఆయన ముందు చక్రములను విప్పెను. హెరాల్డునకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. చక్రముతో తిరుగు ఇనుప డ్రమ్ము లోపల అర్ధచంద్రాకారపు షూలు రెండు ఉండును. మనము పెడలును తొక్కినప్పుడు మాస్టరు సిలిండరులోని బ్రేకు ఆయిలు గొట్టముల ద్వారా పోయి, చక్రము కడనున్న చిన్న సిలిండరులను నెట్టగా, అవి షూలను డ్రమ్మునకు అదిమిపట్టును. ముందరి డ్రమ్ములు 8 అంగుళములవి, వెనుకటివి 7 అంగుళములవి. ముందరివేల పెద్దవి? బండి వేగము తగ్గునప్పుడు బరువు ముందునకు మొగ్గును. పల్లములో దిగు ఎద్దుబండి కాడి ఎద్దుల మెడలపై ఎట్లు పడునో చూచినవారికి ఇది క్రొత్త గాదు. ఆపు పనిలో పెద్ద పాలు ముందు చక్రములదే.

నా కారు ఎడమకు ఏల లాగినదో అక్కడ తెలిసినది. కుడి చక్రమునకు పోవు రబ్బరు గొట్టము పైకి చక్కగనే యున్నది. లోపల మాత్రము ఉబ్బి దారి మూసికొనిపోయినది. పైగా ఆ చక్రపు సిలిండరులోని పిస్టను త్రుప్పు పట్టి బిగిసిపోయినది. ఎడమ బ్రేకు పట్టినది, కుడిది పట్టలేదు. ఒక ఎద్దు ఆగి రెండవది నడచినచో బండి ఏమగును? సరిగా అదియే జరిగినది.

మేస్త్రి పాత షూల మీది పొడిని గాలిగొట్టముతో ఊదనీయలేదు. వెనుకటి బ్రేకు లైనింగులలో ఆస్బెస్టాసు ఉండెడిది. ఆ ధూళి ఊపిరితిత్తులకు మిక్కిలి చెరుపు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డను పారవేయించెను. గొట్టములు, రబ్బరు కప్పులు అన్నియు క్రొత్తవి వేసెను. డ్రమ్ములను లేతుపై సాపు చేయించి, షూలకు క్రొత్త లైనింగులు అంటించెను. తరువాత ఆయిలు పోసి గొట్టములలోని గాలిని తీసెను. ఒకడు పెడలు తొక్కుచుండగా వేరొకడు చక్రము కడ మరను విప్పి బిగించుచుండవలెను. బుడగలు లేని ఆయిలు వచ్చువరకు ఈ పని సాగును. తొక్కు పని నాకు అప్పగించిరి.

బ్రేకు ఆయిలును గూర్చి ఒక మాట. ఇది గాలిలోని తేమను పీల్చుకొను ద్రవము. డాట్ 3 అను రకము క్రొత్తది 205 డిగ్రీల వరకైనను మరుగరాదని నియమము. తేమ చేరిన పిదప దానికి 140 డిగ్రీల హామీయే కలదు. 800 కిలోగ్రాముల కారును గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కమారు ఆపినచో పుట్టు వేడి, 350 మిల్లీలీటర్ల నీటిని మరుగువరకు కాచుటకు చాలును. వేగము సగమైనచో వేడి నాలుగవ వంతే. ఘాటీలో మాటిమాటికి తొక్కుచు దిగినచో పాత ఆయిలు మరిగి బుడగలు కట్టును. బుడగ అదుముకొనిపోవును, ద్రవము అదుముకొనిపోదు. అప్పుడు పెడలు నేలనంటును, బండి మాత్రము ఆగదు. కాబట్టి చిన్న గేరులో దిగవలెను. రెండేండ్లకొకమారు ఆయిలును మార్చవలెను. ఆయిలు తగ్గినదని ఇంజను నూనె పోయువారు కూడ కలరు. అది రబ్బరు కప్పులను ఉబ్బించి నాశనము చేయును.

బ్రేకులతో పని ముగియునని నేననుకొంటిని. మేస్త్రి చక్రమును రెండు చేతులతో పట్టి ఊపి చూపెను. అది పాలపండ్లు ఊడబోవు పిల్లవాని పన్నువలె కదలినది. హెరాల్డు ముందు చక్రమును మోయు నిలువు కడ్డీ క్రిందికొన మరచుట్లు గలది. అది ట్రనియను అను కంచు దిమ్మలో మరవలె దిగియుండును. స్టీరింగు త్రిప్పినప్పుడెల్ల కడ్డీ ఆ చుట్లలోనే తిరుగును. దానికి పట్టించవలసినది చిక్కని గేరు నూనె. ఆ సంగతి తెలియక చాలమంది, బండి ఇరుసునకు కందెన పెట్టినట్లు, గ్రీజు కూరుదురు. గ్రీజు లోపలి చుట్లవరకు చేరదు. పైన ఎండి పిడచకట్టును. లోపల నీరు చేరి కడ్డీని త్రుప్పు తినును. ఒకనాడు ఆ కడ్డీ చుట్ల కడ పుటుక్కున విరుగును. చక్రము ప్రక్కకు మడచుకొనిపోవును. అట్టి సమయమున బ్రేకులెంత మంచివైనను ఏమి లాభము? మా కారులో కుడి కడ్డీ సగము తినివేయబడి యుండెను. దానిని నా చేతికిచ్చినప్పుడు నాకు ఆ బాలిక ముఖము జ్ఞప్తికి వచ్చినది.

కడ్డీలు, కంచు దిమ్మలు రెండును మార్చవలసి వచ్చెను. కుడిదానికి, ఎడమదానికి మరచుట్లు వ్యతిరేక దిశలలో నుండును; ఒకటి రెండవదానికి పనికిరాదు. అవి దొరకుటకు నాలుగు నెలలు పట్టినది. ఆ నాలుగు నెలలును కారు సాలూరులో దిమ్మలపై నిలిచియుండెను. స్ప్రింగులను పొందికైన పనిముట్టుతో అదిమి మాత్రమే విప్పవలెను. అదిమిపట్టిన స్ప్రింగు చేజారినచో మనిషి ప్రాణము తీయగలదు. ఇంటివద్ద త్రాళ్లతో కట్టి విప్పుదమను సాహసము వలదు.

నా మాట నొప్పుకొననివారు కలరు. నా మిత్రులొకరు విశ్రాంత ఇంజనీరు. "పాత డ్రమ్ములను పట్టుకొని ప్రాకులాడుట యేల? డిస్కు బ్రేకులు వేయింపుము" అనిరి. ఇంగ్లండులో హెరాల్డునకు తరువాత డిస్కు బ్రేకులు వచ్చిన మాట నిజమే. ఆ కారు కొరకు చేసిన భాగములు దొరకినచో వేయించుటలో తప్పు లేదు. వేరొక కారు భాగములను వెల్డింగు చేసి అతికించుటకు మాత్రము నేనొప్పుకొనను. చక్రమును మోయు చేతుల కొలతలు వేరు, బలము వేరు. మంచి స్థితిలోనున్న డ్రమ్ములు, ఆ కాలపు వేగమునకు చాలును. వారి రెండవ మాటకు మాత్రము నా యొద్ద సరియైన ఉత్తరము లేదు. ఈ కారునకు ఆయిలు మార్గము ఒక్కటే. ఒక్క గొట్టము పగిలినను నాలుగు బ్రేకులును పోవును. నేటి కారులలో రెండు మార్గములుండును. అందువలన నేను గొట్టములను గడువు రాకముందే మార్చుచున్నాను. తీగతో వెనుక చక్రములను పట్టు చేతిబ్రేకును సరిగా నుంచుకొనుచున్నాను. ఇది పూర్తి రక్ష కాదని యెరుగుదును.

ఇక కొందరు ఖర్చు మాట చెప్పుదురు. నేను రంగునకును, తోలునకును పెట్టిన సొమ్ములో సగమునకే ఈ పని అంతయు ముగిసినది. 2021లో కేంద్ర ప్రభుత్వము ఏబది యేండ్లు నిండిన వాహనములకు వింటేజి రిజిస్ట్రేషను నియమములను తెచ్చినది. చాసీ, బాడీ, ఇంజను పెద్ద మార్పు లేకుండ ఉండవలెనని వాని సారాంశము. ఆ గౌరవమును కోరువారు రంగు నాణ్యమును గూర్చి యెంత వాదించుకొందురో, ట్రనియను నూనెను గూర్చి అందులో పదవ వంతైనను వాదించుకొనిన బాగుండునని నా కోరిక.

సాలూరు నుండి తిరిగివచ్చిన వారమునకు, తెల్లవారుజామున జనసంచారము లేని వేళ, చీపురుపల్లి బాటకే పోయితిని. ఆ రాతి గురుతు కడ గంటకు నలుబది కిలోమీటర్ల వేగమున నుండగా బ్రేకు తొక్కి, స్టీరింగుపై చేతుల పట్టు కొంచెము సడలించితిని. కారు గీత గీచినట్లు నేరుగా నిలిచినది. నాకు అదియు చాలక, మరి రెండుమారులు వెనుకకు పోయి తొక్కి చూచితిని.

రాతికి ఒరసికొనిన చోట ఎడమ రెక్క రంగు ఇప్పటికిని లేచిపోయియే యున్నది. వేయింపుమని మా యింటివారు అనుచుందురు. ప్రతి ఆరునెలలకును ఆ రెక్కలతో కూడిన మూతను ముందునకు వంచి, నేను ట్రనియనుకు నూనె పట్టించుచుందును. మా మనుమరాలు, మీ తరగతిదే, టైరు మీద కూర్చుండి దీపము పట్టుకొనును.