పులస ధర సరే, పులస సంగతేంటి?

జూలై వచ్చిందంటే చాలు, మన వాట్సాప్ గ్రూపుల్లో పులస వేలం ఫోటోలు మొదలు. "ఒక్క చేప ఇన్ని వేలా!" అని నోరెళ్లబెడతాం. నా గొడవ ధర గురించి కాదు.

సముద్రంలో ఉన్నప్పుడు ఈ చేప పేరు విలస. వరదకి గోదారి ఎర్రబడి అంతర్వేది, యానాం వైపు సముద్రంలో కలుస్తుంటే, ఆ నీటికి ఎదురీదుతూ గుడ్లు పెట్టడానికి పైకొస్తుంది. అలా గోదారి నీళ్లు తాగాకే పులస అవుతుందంటారు మనవాళ్లు. అంటే మనం ఎగబడి కొనేది పురిటికి పుట్టింటికొస్తున్న చేపని!

పైకెళ్దామంటే ధవళేశ్వరం అడ్డు. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి అన్నం దొరికింది, చేపకి దారి ఇరుకైంది. గంగ మీదా అంతే. ఒకప్పుడు అలహాబాద్ దాకా వెళ్లిన ఇదే చేప, 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక అక్కడ దాదాపు కనబడటం మానేసింది.

మన సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. కానీ పులస ఏరెక్కేది ఆ తర్వాతే కదా! బంగ్లాదేశ్ అక్టోబర్లో 22 రోజులు ఈ చేప వేట ఆపి, జాలర్లకి బియ్యం ఇస్తుంది. మనమూ వరదల్లో కొన్ని రోజులు ఆపి, వల మీద బతికే కుటుంబాలకి భృతి ఇస్తే తప్పేంటి? బ్యారేజీ దాటడానికి చేపకో దారి ఎలా కట్టాలన్నది మన సివిల్ వాళ్లకి మంచి ప్రాజెక్టు కూడా.

పుస్తెలమ్మైనా పులస తినాలంటారు. తిందాం. కానీ రేపు పుస్తెలుండి, పులస లేకపోతే?