చెమట పట్టని చొక్కా

ఆటగాడి చొక్కా ఎందుకండీ? తొడుక్కోవడానికి. మరి గోడమీద బొమ్మ ఎందుకు? దారిన పోయేవాళ్ళంతా చూడ్డానికి. ఈ రెండింటినీ ఒకటి చేసి, ఎవరూ తొడుక్కోకుండా, ఎవరి కంటా పడకుండా పెట్టెలో పెట్టి, దానికి ‘కలెక్టర్స్ ఐటమ్’ అని పేరు పెట్టిన ఘనత మాత్రం మన కాలానిదే!

అమెరికాలో బ్రూక్లిన్ నెట్స్ అని ఒక బాస్కెట్‌బాల్ జట్టుంది. 2020-21 పోటీల్లో ఆ జట్టు కొన్ని ఆటలకి ఒక నల్లటి జెర్సీ తొడుక్కుంది. దానిమీది అక్షరాలు జాన్ మిషెల్ బాస్కియా అనే చిత్రకారుడి చేతిరాతను గుర్తుచేస్తాయి. ఆయన 1960లో బ్రూక్లిన్‌లోనే పుట్టాడు. సొంత ఊరివాళ్ళు తమ పిల్లాణ్ణి తలుచుకోవడం ముచ్చటైన సంగతే. ఆ జెర్సీ కొనుక్కుని ఏ కుర్రాడైనా వీధిలో బంతాట ఆడితే నాకు మరీ సంతోషం. నా పోట్లాటల్లా, ధర పెరిగేదాకా చీటీ కూడా తెంపకుండా దాచిపెట్టే పెద్దమనుషులతోనే.

చొక్కామీద బొమ్మ వేస్తే కళకి అపచారమని అనేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. 1970ల చివర్లో స్నేహితుడితో కలిసి ‘సేమో’ అన్న మారుపేరుతో న్యూయార్క్ గోడలమీద వెక్కిరింతలు రాసిన బాస్కియా, పొట్టపోసుకోవడానికి తాను బొమ్మలు వేసిన కార్డులూ చొక్కాలూ అమ్మినవాడే. ఆయన తోటివాడు కీత్ హేరింగ్ భూగర్భ రైలు స్టేషన్లలో ఖాళీగా ఉన్న ప్రకటన పలకలమీద సుద్దముక్కతో బొమ్మలు గీశాడు. 1986లో ‘పాప్ షాప్’ అని ఏకంగా దుకాణమే తెరిచాడు. పెద్ద పెద్ద గ్యాలరీల గుమ్మం తొక్కలేనివాళ్ళు కూడా తన బొమ్మను ఇంటికి తీసుకెళ్ళాలని!

ఆ ఉద్దేశమే ఇప్పుడు తలకిందులైంది. ‘పరిమిత సంఖ్యలో మాత్రమే’ అంటారు. మిషనుమీద కుట్టే చొక్కాకి కరువేమిటమ్మా? వెయ్యి కుట్టగలిగినవాళ్ళు లక్షా కుట్టగలరు. బియ్యం దాచి కరువు తెచ్చినవాణ్ణి దొంగవ్యాపారి అంటాం. చొక్కా దాచినవాణ్ణి మాత్రం రసికుడనాలా?

1982లో బాస్కియా జో లూయిస్ అనే మహా ముష్టియోధుడి బొమ్మ వేశాడు. ‘పాముల నడుమ సాధు జో లూయిస్’ అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఎంతో ఆర్జించీ చివరికి పన్ను బాకీల్లో కూరుకుపోయిన ఆటగాడాయన. ఆటవాడి చుట్టూ చేరే లాభాలరాయుళ్ళు ఎవరో బాస్కియాకి బాగా తెలుసన్నమాట. 1988లో, ఇరవయ్యేడేళ్ళకే కన్నుమూశాడు. 2017లో ఆయన చిత్రం ఒకటి 11 కోట్ల 5 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. ఆ వేలంపాట గాలే ఇప్పుడు చొక్కాలకీ సోకింది.

“నా డబ్బు, నా ఇష్టం” అంటారా? సరే. కానీ మన అటకమీది కొలువు బొమ్మలు కూడా ఏడాదికోసారి పెట్టె దిగి, వీధిలోని పిల్లలందరికీ కనిపిస్తాయి. ఆ పాటి భాగ్యమైనా లేదా మీ జెర్సీకి?

చీటీ తెంపండి బాబూ! తొడుక్కోండి. నాలుగు చెమట చుక్కలు పట్టనివ్వండి. ఉతికితే రంగు కాస్త వెలిస్తే వెలుస్తుంది. ఎండకీ వానకీ ఓర్చిన గోడమీది బొమ్మలకి అదేం కొత్త కాదు.