మనలో మాట: ఎవరి వీధివాకిలి వారిదే

మన సంఘపు గ్రంథాలయానికీ, రెండు వీధుల అవతల ఉన్న మన విద్యార్థినుల వసతిగృహానికీ మధ్య మేడమీది యాంటెన్నాలతో కంప్యూటర్లను కలిపినప్పుడు మేము ఎంతో సంబరపడ్డాము. గ్రంథాలయంలోని పుస్తకాల పట్టికను పిల్లలు గదిలో కూర్చుండియే చూచుకొనవచ్చును గదా అని మా ఆశ. రెండుచోట్లా ఇంటర్నెట్టు వేరువేరుగా ఉన్నది, రూటర్లూ వేరే. ఇంక కొరత యేమి అనుకొన్నాము.

కొరత ఒక వానసాయంత్రం బయటపడినది. ఆ రోజు విద్యార్థివేతనపు దరఖాస్తుకు ఆఖరు గడువు. గాలివానకు మేడమీది యాంటెన్నా ప్రక్కకు తిరిగి లంకె తెగిపోయినది. వసతిగృహంలో ఇంటర్నెట్టు నిక్షేపంగా ఉన్నది. అయినా ఒక అమ్మాయి కంప్యూటరు మాత్రం బయటకు పోలేకపోయినది. చివరికి వార్డెనమ్మగారు తన ఫోను ఇచ్చి గట్టెక్కించినారు. తప్పు అమ్మాయిది కాదు, మాది.

ఆ తప్పేమిటో చెప్పవలెను. కంప్యూటరు తన వీధిలోని వారితో తానే మాట్లాడును. పొరుగూరికి పంపవలసినదానిని మాత్రం వీధివాకిలికి అప్పగించును. ఆ వాకిలికే డిఫాల్ట్ గేట్‌వే అని పేరు. మేము రెండు భవనాలనూ 192.168.1.0 అనే ఒకే వీధిగా చేసితిమి. నంబర్లు పంచిపెట్టే పని రెండు రూటర్లూ చేయుచుండెను. కంప్యూటరు “నాకు నంబరు ఎవరిస్తారు?” అని కేకవేయగా సాధారణంగా ముందు పలికినవారి మాటే చెల్లును. ఆ అమ్మాయికి గ్రంథాలయపు రూటరు ముందు పలికినది. అందుచే ఇంటి వాకిలి తెరచియుండగా, ఆమె ఉత్తరాలన్నీ తెగిన వంతెనవైపు నడిచినవి.

ఇప్పుడు ఇట్లు సవరించినాము. గ్రంథాలయానికి 192.168.10.0, వాకిలి 192.168.10.1. వసతిగృహానికి 192.168.20.0, వాకిలి 192.168.20.1. రెంటికీ మాస్కు 255.255.255.0. నడుమ లంకెకు 192.168.30.0 అని వేరొక చిన్న వీధి; అందులో గ్రంథాలయపు రూటరు 192.168.30.1, వసతిగృహపు రూటరు 192.168.30.2. “20 వీధికి పోవలెనంటే 192.168.30.2కు ఇమ్ము” అని గ్రంథాలయపు రూటరులోను, “10 వీధికి 192.168.30.1కు ఇమ్ము” అని వసతిగృహపు రూటరులోను వ్రాసినాము. రెండుప్రక్కలా వ్రాయుట ముఖ్యం. మొదట ఒకవైపే వ్రాసి మరచితిమి. పిలుపు వెళ్ళినది గాని బదులు రాలేదు.

ఒక కంప్యూటరుకు రెండు గేట్‌వేలు ఇస్తే భద్రం గదా అని కొందరు అడిగినారు. అది రెండు పడవలమీద కాళ్ళు పెట్టుటయే. ఆపత్కాలపు దారి చూచుట రూటరు పని. దానిలో రెండవ డిఫాల్ట్ దారిని, తక్కువ ప్రాధాన్యంతో, లంకెమీదుగా పొరుగు రూటరుకు వ్రాయవలెను. అయితే పొరుగు రూటరు కూడా ఈ వీధి నంబర్లను తన ఇంటర్నెట్టులోనికి పోనిచ్చునట్లు చేసియుండవలెను. దీపం వెలుగుచున్నంత మాత్రాన లైను బ్రతికియున్నదని నమ్మరాదు. దూరపు చిరునామా ఒకటి పలుకుచున్నదా అని రూటరే మాటిమాటికీ విచారించునట్లు అమర్చవలెను.

గత ఆదివారం మేమే లంకె తీగ ఊడదీసి చూచితిమి. రెండు భవనాలలోను ఇంటర్నెట్టు ఆగలేదు. తీగ తిరిగి పెట్టగానే పుస్తకాల పట్టిక కనబడినది.

ఒకచోట ఇల్లు, మరొకచోట అంగడి ఉండి రెంటినీ కలుపుకొనదలచిన మన కుటుంబాలవారికి ఇది పనికివచ్చునని వ్రాసితిమి. నంబర్లన్నీ ఒక కాగితంపై వ్రాసి రూటరు ప్రక్కన గోడకు అంటించండి. మేము అట్లే చేసినాము. తెలుగు మాట్లాడుచు చదువనేరని మన పిల్లల కోసం క్రిందనే కన్నడలిపిలో కూడా వ్రాసినాము. ఆ రెండవ వ్రాత అవసరం లేకుండా చేయుట మన గ్రంథాలయపు తరువాతి పని.