కళ్లున్న వాడకు చెవులు లేవా?

"ఇరుగూ పొరుగూ అనేది లేకుండా పోయింది." ఈ మాట కరీంనగర్‌లో, మంచిర్యాలలో, ఆదిలాబాద్‌లో ఏ సభకు పోయినా వినిపిస్తుంది. పట్నం పెరిగింది, మనసులు ఇరుకయ్యాయి, పక్కింట్లో ఎవరున్నారో తెలియదు, చావుకు కూడా నలుగురు రారు. ఇట్లా బాధపడేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. వాళ్ల జ్ఞాపకంలోని వాడలో కూర గిన్నెలు ఇంటి నుంచి ఇంటికి వాటంతట అవే నడిచిపోయేవి. పిల్లలు వాళ్లంతట వాళ్లే పెరిగేవాళ్లు. బాలింతకు కాపలా, ముసలమ్మకు మంచినీళ్లు, పెళ్లింట్లో పసుపు దంచడం అన్నీ జరిగిపోయేవి. ఆ గిన్నెలో కూర ఎవరు వండారు, జ్వరమొచ్చిన మనిషి పక్కన రాత్రంతా ఎవరు కూర్చున్నారు అన్న ప్రశ్న మాత్రం ఆ జ్ఞాపకంలో లేదు.

ఇరుగుపొరుగు అనేది గాలిలోంచి పుట్టిన ఆత్మీయత కాదు. అది స్త్రీలు చేసిన పని. జీతం లేని పని, లెక్కలోకి రాని పని. చేబదులు ఇచ్చిన సోలెడు బియ్యం, ఆపద వచ్చిన పక్కింటామె కుదువ పెట్టుకోవడానికి మెడలోంచి తీసి ఇచ్చిన గొలుసు, బడి నుంచి వచ్చిన పరాయి పిల్లకు పెట్టిన ఇంత అన్నం, వీటి మీద నిలబడింది ఆ వాడ. ఇవాళ అదే స్త్రీ బట్టల దుకాణంలో పొద్దటి నుంచి రాత్రి దాకా నిలబడి పనిచేస్తోంది, ప్రైవేటు దవాఖానాలో రాత్రి డ్యూటీ చేస్తోంది, నాలుగిళ్లలో బాసండ్లు తోముతోంది. ఇంటికి వచ్చాక మళ్లీ ఇంటి పని. ఆమెకు పక్కింటి గడప తొక్కే తీరిక లేకపోతే "మానవ సంబంధాలు కూలిపోయాయి" అని వ్యాసాలు పుడుతున్నాయి. కూలిపోయింది మానవ సంబంధమా, లేక ఊరికే దొరికిన స్త్రీల శ్రమా? ముందు ఇది తేల్చుకోవాలి.

నగరం గురించి రాసిన పెద్దల్ని చూద్దాం. బెర్లిన్‌ను ఎదురుగా పెట్టుకుని 1903లో జార్జ్ సిమ్మెల్, చికాగోను ఎదురుగా పెట్టుకుని 1938లో లూయీ వర్త్, నగరమంటే ఒకరికొకరు అపరిచితులుగా బతకడమని రాశారు. మన కళాశాలల్లో సమాజశాస్త్రం చదివినవాళ్లు ఇప్పటికీ అదే అప్పజెబుతారు. కరీంనగర్ 2005లో కార్పొరేషన్ అయింది, 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. అయితే ఈ నగరంలో అపరిచితంగా బతికే సౌకర్యం ఎవరికి ఉంది? మగవాడికి ఉంది. బస్టాండు హోటల్లో గంటసేపు చాయ్ తాగుతూ కూర్చోవచ్చు, కల్లు కంపౌండుకు పోవచ్చు, అర్ధరాత్రి రావచ్చు. ఎక్కడికి పోయావని అతన్ని గల్లీ అడగదు. స్త్రీకి మాత్రం కార్పొరేషన్ అయినా, జిల్లా కేంద్రం అయినా, గల్లీ పల్లెటూరుగానే ఉండిపోయింది. ఏ రంగు చీర కట్టింది, ఏ ఆటో దిగింది, ఫోనులో ఎంతసేపు మాట్లాడింది అన్నిటికీ లెక్క ఉంటుంది.

అమెరికాలో జేన్ జేకబ్స్ 1961లో మరో మాట చెప్పింది. వీధి మీద చుట్టుపక్కలవాళ్ల చూపు ఉంటే ఆ వీధి భద్రంగా ఉంటుందని ఆమె వాదన. మంచి మాటే. న్యూయార్క్ వీధుల్లో అది ఎంత నిజమో గానీ మన వీధుల్లో చూపులకు కరువు లేదు. వచ్చిన చిక్కల్లా ఆ చూపు దేనిమీద పడుతోంది అన్నదే. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల్లో దుబాయికో, సౌదీకో, మస్కట్‌కో పోయిన మనుషుల ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అక్కడ భార్య ఏళ్ల తరబడి ఒక్కతే సంసారం ఈదుతుంది. ఏజెంటుకు కట్టిన అప్పుకు వడ్డీ, పిల్లల ఫీజులు, అత్తమామల మందులు అన్నీ ఆమె నెత్తిమీదే. ఆ అప్పు గురించి ఆమెను అడిగే పొరుగు తక్కువ. ఆమె ఇంటికి కరెంటు మెకానిక్ వచ్చి ఎంతసేపు ఉన్నాడో గల్ఫ్‌లో ఉన్న మొగుడికి చేరవేసే పొరుగు మాత్రం ఉంది. ఒకప్పుడు ఆ కబురు ఉత్తరంలో పోయేది, ఇప్పుడు వాట్సాప్‌లో ఫోటోతో సహా పోతోంది. దీన్నే కొందరు "మా వాడలో కట్టుబాటు" అంటారు!

ఇన్ని కళ్లున్న వాడకు, అదే ఇంట్లోంచి కేక వినిపిస్తే ఒక్కసారిగా చెవుడు వస్తుంది. "మొగుడూ పెళ్లాల మధ్య మనకెందుకు?" అంటుంది. ఆమె బజారుకు పోయినప్పుడు ఆ విషయం వాడదైంది. ఆమె దెబ్బలు తిన్నప్పుడు మాత్రం అది వాళ్ల సొంత విషయమైపోయింది. సొంతానికీ, బహిరంగానికీ మధ్య ఉన్న ఈ గీతను ఎవరు గీశారు? స్త్రీ శరీరం మీద అదుపు కావాల్సి వస్తే తలుపు తెరిచి ఉంటుంది, అదే శరీరానికి రక్షణ కావాల్సి వస్తే తలుపు మూసుకుంటుంది. పితృస్వామ్యం ఇంట్లోనే ఉందనుకుంటే పొరపాటు. అది గోడకు రెండు వైపులా ఉంది.

ఈ చెవుడు వల్ల ఏం జరుగుతుందో కోర్టుల్లో చూడొచ్చు. 1983లో 498 ఏ వచ్చింది. 1986లో వరకట్న మరణాల మీద 304 బీ వచ్చింది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అవి 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. నంబర్లు మారాయి. మారనిది సాక్షి. నాలుగు గోడల మధ్య జరిగేదానికి సాక్షులెవరు? గోడకు అవతల ఉన్నవాళ్లే. ఆమె బతికి ఉన్నప్పుడు విని, చచ్చిపోయిన రోజు గుండెలు బాదుకుని ఏడ్చినవాళ్లు సాక్ష్యం దగ్గరికి వచ్చేసరికి "మాకేం తెల్వదు సార్, వాళ్లు మంచిగనే ఉండేటోళ్లు" అంటే కేసు అక్కడే నీరుగారిపోతుంది.

"చెప్తే మా మీదికి వస్తది" అంటారు. ఈ భయం అబద్ధం కాదు. అందుకే 2005 నాటి గృహహింస చట్టం (2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది) నాలుగో సెక్షన్‌లో దీనికి జవాబు పెట్టింది. హింస జరిగిందని గానీ, జరుగుతోందని గానీ, జరగబోతోందని గానీ నమ్మడానికి కారణం ఉన్న ఎవరైనా రక్షణాధికారికి తెలియజేయవచ్చు. చుట్టమే కానక్కర్లేదు, ఆమె సంతకమూ అక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద సివిల్ బాధ్యత గానీ క్రిమినల్ బాధ్యత గానీ ఉండదని అదే సెక్షన్ చెబుతోంది. అంటే మన చట్టాల్లో ఇరుగుపొరుగుకు ఇంత స్పష్టంగా నోరు ఇచ్చిన చోటు ఇది. ఇది మన వాడల్లో ఎంతమందికి తెలుసు? బతుకమ్మ చీరల పంపిణీకి పెట్టినన్ని ఫ్లెక్సీలలో పదో వంతు దీని కోసం పెట్టారా? 181 హెల్ప్‌లైన్ ఉంది, జిల్లాల్లో సఖి కేంద్రాలు ఉన్నాయి. అవి ఎక్కడున్నాయో దెబ్బలు తినే స్త్రీకి ఎవరు చెప్పాలి?

చట్టం దగ్గరికి పోనీయకుండా పక్కకు లాగేది మరొకటి ఉంది. పెద్దమనుషుల పంచాయితీ. కులసంఘం పేరుతోనో, కాలనీ పెద్దల పేరుతోనో ఇరువైపులా ధరావతు కట్టించుకుని కూర్చుంటారు. అక్కడ మాట్లాడేది మగవాళ్లు, తీర్పు చెప్పేది మగవాళ్లు. "సర్దుకుపో బిడ్డా" అన్న ముగింపు ముందే రాసిపెట్టి ఉంటుంది. ధరావతు మాత్రం తిరిగి రాదు.

ఇక బొగ్గుబావుల వైపు పోదాం. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్. నాలుగు ఊళ్ల నుంచి, నాలుగు కులాల నుంచి వచ్చినవాళ్లు ఒక వరసలో కాపురం పెట్టిన క్వార్టర్లు. ఊరిలో వెలివాడ దాటనీయని మనిషికి ఇక్కడ అగ్రకులం వాళ్ల గోడ పక్కనే గోడ దొరికింది. ఇది చిన్న విషయం కాదు, దీన్ని తక్కువ చేసి మాట్లాడను. కానీ ఆ క్వార్టరు ఎవరి పేరున వచ్చింది? బావిలోకి దిగినవాడి పేరున. 1952 గనుల చట్టం 46వ సెక్షన్ స్త్రీని భూగర్భంలోకి దిగనీయలేదు. 2019 జనవరిలో గానీ కేంద్రం ఆ నిషేధాన్ని షరతులతో సడలించలేదు. అంటే అరవై ఏళ్లకు పైగా బావిలోని ఉద్యోగమంతా మగవాడిదే, దాని వెంట వచ్చిన ఇల్లూ మగవాడి ఉద్యోగానికి కట్టేసిన గొడ్డులాంటిదే. అతను ఇంకొకతెను తెచ్చుకుంటే మొదటి భార్య ఎక్కడికి పోవాలి? ఉద్యోగం పోతే, మనిషి పోతే క్వార్టరు ఖాళీ చేయాలి. ఇరవై ఏళ్లు ఆమె అల్లుకున్న ఇరుగుపొరుగు ఒక్క నోటీసుతో పోతుంది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇవాళ 40 వేల దగ్గరికి దిగింది. ఈ తగ్గుదల గురించి కార్మిక సంఘాలు చాలా మాట్లాడాయి, మాట్లాడాలి కూడా. ఉద్యోగంతో పాటు క్వార్టరు వదిలిన కుటుంబాల్లో ఆ వాడను పోగొట్టుకున్న స్త్రీల గురించి ఏ గేట్ మీటింగులో మాట్లాడారు? గృహహింస చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆస్తి ఎవరి పేరున ఉన్నా ఉమ్మడిగా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు స్త్రీకి ఉంది. 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు, ఆ ఇల్లు మామగారి పేరున ఉన్నా ఈ హక్కు అడగవచ్చని చెప్పింది. ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోయే ఇంట్లో ఈ హక్కుకు మిగిలేదేమిటో సంఘాలు ఇకనైనా చర్చకు పెట్టాలి.

కిరాయి ఇళ్ల సంగతి ఇంకా అన్యాయం. కరీంనగర్‌లో "టు లెట్" బోర్డు చూసి లోపలికి పోయిన స్త్రీని ఓనరు అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది ఉంటరు?" కాదు. "మీ ఆయన ఏం జేస్తడు?" రెండోది "మీరేమిటోళ్లు?" మొదటిదానికి జవాబు లేని స్త్రీకి, రెండోదానికి నచ్చని జవాబు చెప్పిన దళిత స్త్రీకి, ముస్లిం స్త్రీకి గదులు అప్పటికప్పుడే నిండిపోతాయి. ప్రభుత్వం 2017లో ఒంటరి మహిళలకు నెలకు వెయ్యి రూపాయల జీవనభృతి పెట్టింది, 2019లో దాన్ని 2,016 చేసింది. ఆ డబ్బుతో ఆమె ఎక్కడ ఉండాలి? ఒంటరి స్త్రీ ఉందని ఒప్పుకున్న రాజ్యం, ఆమెకు ఇల్లు కిరాయికి ఇవ్వనంటే అది నేరమని చెప్పే చట్టం మాత్రం చేయలేదు. దెబ్బలు తిని పోలీసులను పిలిచిన స్త్రీకి తెల్లారేసరికి "ఇల్లు ఖాళీ చెయ్యండ్రి, మాకు ఇజ్జత్ ఉంది" అని చెప్పే ఓనర్లూ ఉన్నారు. కొట్టినవాడితో పోని ఇజ్జత్, కేకేసినామెతో పోతుందన్నమాట!

అయితే ఇరుగుపొరుగంతా ఇంతేనా? కాదు. స్త్రీలు తమకోసం తాము కట్టుకున్న పొరుగు ఒకటుంది. సిరిసిల్లలో, జగిత్యాలలో, నిర్మల్‌లో బీడీలు చేసే స్త్రీలు ఒక అరుగు మీద, ఒక చెట్టు కింద చాటలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటారు. చేతులు తునికాకు కత్తిరిస్తూ, తంబాకు నింపుతూ ఉంటాయి, నోళ్లు మాట్లాడుతూ ఉంటాయి. ఎవరి కార్ఖానాలో ఎన్ని బీడీలు పనికిరావని ఏరిపారేశారు, ఎవరికి పీఎఫ్ నంబరు లేదు, ఎవరి మొగుడు రాత్రి తాగివచ్చాడు అన్నీ అక్కడికి వస్తాయి. అక్కడ "అక్కా, నిన్న మీ ఇంట్ల ఏమైంది?" అని అడిగితే అది నిఘా కాదు. అడిగినామె వీపు మీద కూడా వాతలు ఉండవచ్చు. చూడటం ఒకటే, చూసేదెవరు, ఎందుకు అన్నదాన్ని బట్టి అది కాపలా అవుతుంది లేదా తోడు అవుతుంది. ఆ అరుగుకు కూడా కులం ఉంది, కాదనను. ఒక వాడ చాట ఇంకో వాడ అరుగు మీదికి అంత సులువుగా రాదు.

ఆ అరుగులూ ఇప్పుడు పోతున్నాయి. బీడీ పని తగ్గింది, రోడ్డు వెడల్పులో అరుగులు కొట్టేశారు, అపార్టుమెంట్లకు అరుగే లేదు. నల్లా ఇంట్లోకి వచ్చింది. నల్లా కాడి కొట్లాటలు మళ్లీ కావాలని ఎవరూ కోరరు. తెల్లవారుజామున బిందెలు పట్టుకుని నిలబడ్డవాళ్లకు తెలుసు అదెంత నరకమో. కానీ ఆ నరకంలోనే స్త్రీకి ఇంటి బయట పది నిమిషాలు నిలబడే సాకు దొరికేది. నీళ్లిచ్చినందుకు సంతోషం. ఆ పది నిమిషాల చోటుకు బదులు ఏమిచ్చారు? వాకింగ్ ట్రాకులు, సెల్ఫీ పాయింట్లు. సాయంత్రం ఏడు తర్వాత వాటి దగ్గర స్త్రీ ఒక్కతే కూర్చోగలదా? కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి, కుల సంఘాల భవనాలు గల్లీకొకటి ఉన్నాయి. వాటి తాళంచెవులు ఎవరి దగ్గర ఉంటాయో వేరే చెప్పాలా?

వీటన్నిటికీ మందుగా ఇప్పుడు కెమెరాలు వచ్చాయి. పోలీసుల "నేను సైతం" కింద కాలనీలు చందాలు వేసుకుని మరీ సీసీ కెమెరాలు పెట్టుకున్నాయి. గొలుసు దొంగలు దొరికితే మంచిదే. కానీ కెమెరా వీధిని చూస్తుంది. మన మీద జరిగే హింసలో ఎక్కువ భాగం వీధిలో జరగడం లేదు.

కెమెరాకు చందా వసూలు చేసే కాలనీ సంఘాలను ఒక్కటి అడుగుదాం. "ఈ ప్రాంతం సీసీ కెమెరాల నిఘాలో ఉంది" అని గేటు మీద బోర్డు పెట్టారు కదా, దాని కిందనే జిల్లా రక్షణాధికారి ఫోన్ నంబరు, 181, నాలుగో సెక్షన్‌లోని ఆ రెండు వాక్యాలు రాయించండి. కమిటీలో సగం మంది స్త్రీలు ఉండాలి, వాళ్లలో కిరాయికి ఉండేవాళ్లు కూడా ఉండాలి. హాలు తాళంచెవి వారంలో మూడు రోజులు వాళ్ల చేతికి ఇవ్వండి. పెయింటుకు డబ్బులు లేవంటే మనమే తెచ్చి రాద్దాం.